మన షాపులో జరిగిన తప్పు, ఇకపై నేను రాయని దస్తావేజు

అందరికీ నమస్కారం. తణుకులో ముందు మా నాన్నగారి దగ్గర, తర్వాత నా దగ్గర కాగితాలు రాయించుకున్నవాళ్లకి ఈ సంగతి ఇంకొకరి నోటి ద్వారా తెలియకూడదు. అందుకే నేనే రాస్తున్నాను.

మూడేళ్ల కిందట మన షాపు నుంచి వెళ్లిన ఒక దఖలు దస్తావేజులో (బతికుండగానే ఆస్తిని డబ్బు తీసుకోకుండా సొంతవాళ్ల పేరున రాసిచ్చే కాగితం) ఉండాల్సిన పేరా ఒకటి లేదు. అది లేనందువల్ల 74 ఏళ్ల పెద్దావిడ ఈరోజు తన ఇంట్లో కాకుండా కూతురి ఇంట్లో ఉంటున్నారు.

ఆవిడ రిటైరైన టీచరుగారు. జీతం మీద లోన్ తీసుకుని కట్టుకున్న ఇల్లు, 200 గజాలు, పూర్తిగా స్వార్జితం. కొడుకు తన పేరున రాయమంటే ఒప్పుకున్నారు. నా దగ్గరికొచ్చి రెండే మాటలు చెప్పారు. బతికినంతకాలం ఆ ఇంట్లో తనే ఉండాలి, తిండీ మందులూ కొడుకు చూసుకోవాలి. ఆ రెండూ నా చేత్తో చిత్తు ప్రతిలో రాశాను. కొడుకు కూడా పక్కనే కూర్చుని చదివాడు. ఇంటిపేరులో నేను చేసిన తప్పు తన పెన్నుతోనే దిద్దాడు.

అప్పట్లో మాకు సొంత కంప్యూటర్ లేదు. టైపింగ్ బయట డీటీపీ సెంటర్లో చేయించేవాళ్లం. వాళ్లు మన చిత్తు చూసి కొత్తగా కొట్టకుండా, అంతకుముందు వేరే ఎవరికో చేసిన ఫైల్ తెరిచి పేర్లు, హద్దులు, డోర్ నంబరు మార్చి ప్రింట్ ఇచ్చేశారు. ఆ పాత ఫైల్లో షరతులు లేవు. మూడో పేజీలో ఉండాల్సిన పేరా అలా పోయింది. మొన్న వెళ్లి అడిగితే "మేడం, మీరు చూసుకోవాలి కదా" అన్నారు. పదకొండేళ్లు రోజూ పని ఇచ్చాను వాళ్లకి. పండగకి వాళ్ల పిల్లలకి బట్టలు పెట్టాను. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఒక పేరా ఎగిరిపోతే ఒక మనిషి నీడ ఎగిరిపోతుందని తెలియని చోట కాగితం ఇవ్వకూడదు. ఇక వాళ్ల గడప తొక్కను.

అయినా వాళ్లన్న మాటలో నిజం ఉంది. చూసుకోవాల్సింది నేనే. సంతకాలకి ముందు ప్రతి దస్తావేజూ పెద్దవాళ్లకి గట్టిగా చదివి వినిపించడం మా నాన్నగారు పెట్టిన అలవాటు. ఆ రోజు చదవలేదు. ఆషాఢం వచ్చేస్తోందని జనం విరగబడ్డారు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాకిచ్చిన స్లాట్ టైమ్ దగ్గరపడింది. టీచరుగారు "నువ్వు రాశావుగా అమ్మాయ్, ఇంకేం చదువుతావులే" అన్నారు. సరేనన్నాను. దస్తావేజు చివర రాసినవారి స్థానంలో ఉన్నది నా సంతకమే.

సంక్రాంతి వెళ్లాక ఆవిడ జిరాక్స్ కవరు పట్టుకుని వచ్చారు. రిపేర్లని చెప్పి కొడుకు ఆవిడని ఆవిడ కూతురింటికి పంపాడట. తిరిగొచ్చేసరికి తాళం మారింది, ఇల్లు అమ్మకానికి పెట్టారు. "నేను చెప్పిన మాట ఎక్కడ రాశావో చూపించు" అన్నారు. మూడుసార్లు పేజీలు తిప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయారు. షాపులోనే కూర్చుని విన్న నాన్నగారు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆవిడకి దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో 23వ సెక్షన్ ఉంది. తమని చూసుకోవాలనే షరతు మీద పెద్దలు రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. మన దగ్గర ఆర్డీవోగారే ఆ ట్రిబ్యునల్. చిక్కల్లా షరతు దగ్గరే. అది ఉన్నట్టు చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తల్లి కేసులో మాత్రం, దస్తావేజు రోజునే కొడుకు విడిగా రాసిచ్చిన కాగితాన్ని లెక్కలోకి తీసుకుంది. ఈ చట్టం పెద్దల మేలు కోసం వచ్చింది కాబట్టి ఆ దృష్టితోనే చదవాలని చెప్పి ఆస్తి తల్లికి తిరిగి ఇప్పించింది. మన దగ్గర కొడుకు సంతకం పెట్టిన కాగితం లేదు. అతని అక్షరాలున్న చిత్తు ప్రతి ఉంది. నాన్నగారు చిత్తులు పారేయనివ్వరు, ఏ ఏడాదివి ఆ ఏడాది కట్ట కట్టి అటక మీద పెట్టిస్తారు. దాన్ని తీసి పిటిషన్‌కి జత చేశాం. ఆవిడ చెప్పిందేమిటో, నేను రాసిందేమిటో నేనే వెళ్లి చెబుతాను. "నీ తప్పు నువ్వే ఒప్పుకుంటే షాపుకి ఎవరొస్తారు" అని మా బంధువుల్లోనే కొందరన్నారు. రాకపోతే రాకపోనివ్వండి.

ఇప్పుడు అసలు నిర్ణయం. ఇరవై రోజులు నిద్ర లేకుండా ఆలోచించాను. ఉన్నది ఒక్కటే ఇల్లు అయినప్పుడు, ఆ తల్లిదండ్రుల చేత షరతులు లేని దఖలు దస్తావేజు ఇక నేను రాయను. ఎంత ఫీజు ఇచ్చినా, ఎవరు సిఫార్సు చేసినా రాయను. జీవితకాలం అనుభవించే హక్కు, పోషణ షరతు, రెండూ స్పష్టంగా ఉంటే రాస్తాను. లేదంటే వీలునామా రాస్తాను.

ఇది తేలిగ్గా చెప్పడం లేదు. మన షాపు ఆదాయంలో ఎక్కువ భాగం ఈ దఖళ్లదే. పిల్లలు అమెరికా నుంచి పదిహేను రోజులకి వస్తారు, ఫ్లైట్ ఎక్కేలోపు ఇల్లు తమ పేరున అయిపోవాలంటారు. ఆ తొందర నాకు అర్థమవుతుంది, అందరూ చెడ్డవాళ్లూ కాదు. "రాయమన్నది రాయడమే మన పని, వాళ్ల కుటుంబంలో మనం తీర్పులు చెప్పకూడదు" అని మావారు అన్నారు. అదీ కొట్టిపారేసే మాట కాదు. ఆస్తి వాళ్లది, ఇష్టం వాళ్లది. రెండు రాత్రులు ఆయనే కరెక్టని కూడా అనుకున్నాను. కానీ పోషణ షరతు రాయడానికి అభ్యంతరం చెప్పే కొడుకు గానీ కూతురు గానీ ఉంటే, ఆ అభ్యంతరం విన్నాక నా చేతికి పెన్ను రాదు. ఈ నెలలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పక్క వీధిలో అరగంటలో రాసిస్తారని నాకూ తెలుసు.

పిల్లలకి చెందాలన్నదే కోరిక అయితే చాలామందికి వీలునామా సరిపోతుంది. అది మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దఖలు రిజిస్టర్ అయ్యాక మనసు మారినా ఒక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించమనే చెబుతాను. మంచం మీద ఉన్నవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రార్‌గారు ఇంటికి వచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాల్సిందే. రేపు గొడవొస్తే వాళ్లలో కనీసం ఒకరు కోర్టులో చెప్పాలి కాబట్టి, మీకంటే చిన్నవాళ్లని, ఆస్తి రానివాళ్లని తీసుకురండి. వియ్యంకుడి వయసువాళ్లని తెస్తే నేనే వెనక్కి పంపిస్తాను.

"కట్నం ఇచ్చాం కదా, అమ్మాయికి ఇంకేముంటుంది" అనే మాట వారానికి ఒకసారైనా వింటున్నాను. వీలునామా లేకుండా హిందూ తండ్రి పోతే ఆయన స్వార్జితం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, ఆయన తల్లి ఉంటే ఆవిడకీ సమానంగా వెళ్తుంది. కట్నం ఇచ్చామన్నది అక్కడ లెక్కకి రాదు. బ్యాంకులో నామినీ రాశాం కాబట్టి సరిపోయిందనుకోవడం కూడా పొరపాటే. నామినీ డబ్బు తీసుకోవడానికే, వారసులు వేరే ఉండొచ్చు.

షాపులో మార్పులు రెండు. సొంత కంప్యూటర్ పెట్టాను, టైపింగ్ నా కళ్ల ముందే జరుగుతుంది. ప్రతి దస్తావేజూ గట్టిగా చదువుతాను, మీరు వద్దన్నా చదువుతాను, స్లాట్ పోయినా చదువుతాను.

బయట టైప్ చేయించిన కాలంలో మనం రాసిన దఖళ్ల చిత్తులన్నీ అటక మీద నుంచి దింపి, దస్తావేజు కాపీలతో పోల్చి చూశాం. ఇంకో రెండింటిలో ఇలాగే పేరాలు పోయాయి. ఒక కుటుంబం వెంటనే వచ్చింది. తండ్రీ కొడుకూ ఇద్దరూ సంతకం పెట్టి సవరణ దస్తావేజు రిజిస్టర్ చేయించుకున్నారు. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. రెండో కుటుంబం ఫోన్ నంబరు మారింది, దొరకడం లేదు. కొన్నిటికి మన దగ్గర కాపీలే లేవు. అందుకని, మన దగ్గర దఖలు రాయించుకున్నవాళ్లు ఒకసారి కాగితాలు తీసుకుని రండి. చదివి చెప్పడానికి రూపాయి తీసుకోను.

వచ్చే గురువారం ఆర్డీవో ఆఫీసులో టీచరుగారి విచారణ ఉంది. ఆ రోజు షాపు తీయను.