కొట్టు మూయడం లేదు. కానీ అద్దె గురించి, మే ఎన్నికల గురించి మీతో మాట్లాడాలి

మా కర్రీ పాయింట్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

ముందుగా, కొట్టు మూసేస్తున్నారా అని మీలో చాలామంది కౌంటర్ దగ్గర అడుగుతున్నదానికి జవాబు. కొట్టు మూయడం లేదు. మా కొట్టున్న ప్లాజా (దుకాణాల సముదాయం) చేతులు మారిన మాట నిజమే. మా లీజు ఈ వేసవితో అయిపోతుంది. కొత్త యజమాని చెప్పిన అద్దె ఇప్పటిదానికంటే బాగా ఎక్కువ. బేరం నడుస్తోంది, ఇంకా సంతకాలు కాలేదు. టెక్సస్‌లోని ఈ ఫ్రిస్కో వదిలి వెళ్ళాలని మాకు లేదు.

అద్దె అంటే చదరపు అడుక్కి ఇంత అని కట్టేది ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఇక్కడ ప్లాజాల్లో ఎక్కువ లీజులు ‘ట్రిపుల్ నెట్’ పద్ధతిలో ఉంటాయి. అంటే భవనం ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, పార్కింగ్ స్థలం మరమ్మతులు అన్నీ అద్దెదారుల మీదే పంచుతారు. చుట్టుపక్కల భూముల ధర పెరిగి ప్లాజా విలువ పెరిగితే, ఆ పన్ను మా పప్పు, పులుసు, వేపుడు ధరలోకి వచ్చి కూర్చుంటుంది. ఊరు ఎంత బాగా పెరిగితే మా ఖర్చు అంత పెరుగుతుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఈమధ్య, మే ఎన్నికల్లో సిటీ కౌన్సిల్‌కి (నగర పాలక మండలికి) పోటీ చేస్తున్న ఒక అభ్యర్థి మా ప్లాజాలోని చిన్న వ్యాపారులందరినీ కలిశారు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక మా దగ్గరే కూర్చున్నాం. పేరు రాయడం లేదు, ఇది ఆయన ప్రచారం కాదు కాబట్టి. ఓపిగ్గా విన్నారు, సూటిగా మాట్లాడారు. ఊరి పెరుగుదలను ఎలా అదుపులో పెట్టాలన్నదే మాటంతా. ఆయన చెప్పినదాంట్లో సగానికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, మిగతా సగానికి ఒప్పుకోను.

ఫ్రిస్కో సంగతి మీకు తెలిసిందే. 2000లో ఇక్కడ జనాభా 33,714. 2010 నాటికి 1,16,989. 2020 లెక్కల్లో 2,00,509. అంటే ఇరవై ఏళ్ళలో దాదాపు ఆరు రెట్లు. ఇప్పుడు ఖాళీ భూమి చాలావరకు అయిపోతోంది. ఆయన అన్న మొదటి మాట ఇదే: ఇన్నాళ్ళూ కట్టడం మీద బతికిన ఊరు ఇకనుంచి ఉన్నదాన్ని కాపాడుకోవడం నేర్చుకోవాలి. రోడ్లు, నీళ్ళ పైపులు, పాత పార్కులు, ఇవన్నీ ఒకేసారి వేసినవి కాబట్టి ఒకేసారి పాతబడతాయి.

ఇందులో డబ్బు లెక్క ఒకటుంది. 2019లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం, ఇప్పటికే ఉన్న ఆస్తుల మీద నగరం రోజువారీ నిర్వహణకు రాబట్టే పన్ను ఏడాదికి 3.5 శాతం మించి పెరగాలంటే ఓటర్ల అనుమతి కావాలి. కొత్తగా కట్టినవాటి మీద వచ్చే పన్ను ఆ పరిమితిలోకి రాదు. అందుకే ఏ నగరానికైనా కొత్త భవనం మీద ఆశ ఎక్కువ. ఆ కొత్త భవనాలు ఆగిపోయే రోజుకి సిద్ధపడాలని ఆయన అనడం నాకు నచ్చింది. ఎన్నికల ముందు ఎవరూ ఇలాంటి మాట చెప్పరు.

అపార్ట్‌మెంట్ల విషయంలో మాత్రం మా ఇద్దరికీ పడలేదు. “ఇక చాలు, కొత్తవి ఒక్కటీ ఒప్పుకోను” అన్నారు. నేను అక్కడే చెప్పాను, మీకూ చెబుతున్నాను. మా కొట్టుని నిలబెట్టింది ఆ అపార్ట్‌మెంట్లే. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు, కూతురి పురుడుకో కొడుకు గృహప్రవేశానికో ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే అమ్మానాన్నలు, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి ఇల్లు కొనాలా వద్దా అని తేల్చుకోలేని కుటుంబాలు, వీళ్ళంతా అక్కడే ఉంటారు. కారు నడపడం రాని పెద్దవాళ్ళు సాయంత్రం నడుచుకుంటూ వచ్చి గోంగూర పచ్చడి, జంతికలు కొనుక్కుని వెళ్తారు. మా వంటింట్లో పనిచేసేవాళ్ళలో కొందరు కూడా ఆ అపార్ట్‌మెంట్లలోనే ఉంటున్నారు. వాళ్ళని ‘ట్రాఫిక్’ అనే ఒక్క మాటతో తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

బడుల సంగతి చూడండి. ఒకప్పుడు ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఏటా కొత్త బడులు తెరుస్తూ పోయింది. ఇప్పుడు పిల్లల సంఖ్య తగ్గుతోంది. స్టేలీ మిడిల్ స్కూల్‌ని 2024–25 చదువుల ఏడాదితో మూసేశారు. చిన్న పిల్లలున్న జంటలు ఇక్కడి ధరలు అందుకోలేక సెలైనా, ఆనా, ప్రిన్స్‌టన్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళ వైపు వెళ్ళిపోవడం నేను కౌంటర్ దగ్గర నుంచే చూస్తున్నాను. “ఆంటీ, ఇకమీదట వారానికి ఒక్కసారే వస్తాం” అని చెప్పి వెళ్తారు. పెరుగుదల ఎక్కువైందని ఒకవైపు అంటూనే, పిల్లలు చాలక బడి మూసుకునే స్థితికి వచ్చాం. కొత్త జంట అద్దెకు ఉండటానికి చోటు లేని ఊళ్ళో ఆ బడులు ఎలా నిండుతాయి?

పైగా అపార్ట్‌మెంట్లు ఆపడం కౌన్సిల్ చేతిలో ఇప్పుడు పెద్దగా లేదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి సెనేట్ బిల్లు 840 అనే టెక్సస్ చట్టం అమల్లోకి వచ్చింది. పెద్ద కౌంటీల్లో ఉండి, లక్షన్నర జనాభా దాటిన నగరాలు, ఆఫీసులకీ దుకాణాలకీ కేటాయించిన స్థలాల్లో ఎవరైనా అపార్ట్‌మెంట్లు కడతామంటే జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే నగర నియమం) మార్చే పని లేకుండానే ఒప్పుకోవాలి. కొన్ని మినహాయింపులున్నాయి కానీ ఫ్రిస్కో ఈ చట్టం కిందికే వస్తుంది. ఒప్పుకోనని చెప్పి ఓటు అడిగే అభ్యర్థి, ఆ అధికారం తనకి ఎంతవరకు ఉందో కూడా చెప్పాలి.

ఈ చట్టం వల్ల మాలాంటివాళ్ళకి ఇంకో భయం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పాత ప్లాజా ఉన్న స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చని తెలిశాక, దాని యజమానికి చిన్న కొట్లు ఎందుకు? పోయేవి ముందుగా అద్దె తక్కువున్న పాత ప్లాజాలే. టైలరు, ఫోన్ రిపేరు, బ్యూటీ పార్లరు, కర్రీ పాయింట్, ఇవన్నీ ఉండేది అక్కడే. నాకు అపార్ట్‌మెంట్లూ కావాలి, వాటి కింద అంతస్తులో మేం కట్టగలిగే అద్దెకి కొట్లూ కావాలి. రెండూ కలిపి ఆలోచించేవాళ్ళు కౌన్సిల్లో కావాలి. ఈ మాట అన్నప్పుడు ఆయన రాసుకున్నారు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది సేల్స్ ట్యాక్స్ గురించి. మా దగ్గర వేడి కూర కొన్నప్పుడు బిల్లులో కనిపించే 8.25 శాతంలో 6.25 రాష్ట్రానికి పోతుంది, 2 ఊరికి. ఆ రెండులో ఒక శాతం నగరం మామూలు ఖర్చులకి, అర శాతం ఎకనామిక్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కి, అర శాతం కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కి. పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలని రప్పించడానికి వాడే ఈ డబ్బులో, చట్టం అనుమతించినంత మేరకు, కొంత భాగాన్ని ఇప్పటికే ఇక్కడున్న చిన్న వ్యాపారాల మీద పెట్టాలన్నారు. ముఖ్యంగా రోడ్లు తవ్వే రోజుల్లో. పాత డౌన్‌టౌన్ రైల్ డిస్ట్రిక్ట్‌లో పనులు జరిగినప్పుడు అక్కడి కొట్లు ఎంత ఇబ్బంది పడ్డాయో చూశాం. రోడ్డు బాగుపడేసరికి కొట్టు మిగలాలి కదా.

ఎవరికి ఓటు వేయాలో నేను చెప్పను. మేయరు, ఆరుగురు సభ్యులు అందరినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. పార్టీ గుర్తులు ఉండవు. పౌరసత్వం ఉన్నవాళ్ళు మే మొదటి శనివారం దాకా ఆగక్కర్లేదు, ముందస్తు ఓటింగ్ ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఓటు లేదు కదా అని ఊరుకోకండి. కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. మా ప్లాజా జోనింగో, పక్క అపార్ట్‌మెంటో అజెండాకి వస్తే నేను వెళ్తాను. నాతో రావాలనుకుంటే కౌంటర్ దగ్గర చెప్పండి, కలిసి వెళ్దాం.

ఇక కొట్టు సంగతి. కొత్త లీజు మీద సంతకం అయ్యేదాకా భోజనం బాక్సు ధర పెంచడం లేదు. అయ్యాక ఎంతో కొంత పెంచక తప్పదు. పెంచే ముందు పాత అద్దె ఎంత, కొత్తది ఎంత అని మీకే లెక్క చూపిస్తాను. గ్రాడ్యుయేషన్ పార్టీల ఆర్డర్లు ఎప్పటిలాగే తీసుకుంటున్నాం. సున్నుండలు, అరిసెలు కావాలంటే మాత్రం వారం ముందు చెప్పండి.