ఎండతో ఒక ఏడాది: మన మెటల్ డిటెక్టింగ్ సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు డాలస్, ఫోర్ట్‌వర్త్ పరిసరాల్లో, నేలలో దాగిన లోహ వస్తువులను డిటెక్టర్లతో వెతికే మన సంఘం చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్నాను. దొరికిన నాణేల పట్టికతో నివేదిక మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఈసారి ఆ పట్టికను వెనక్కి జరిపి ముందుగా ఎండ గురించి రాస్తున్నాను. ఈ ఏడాది కార్యవర్గ సమావేశాల్లో ఎక్కువ సమయం తీసుకున్నదీ, మన నియమాలను మార్పించినదీ, ఒక సభ్యుణ్ణి మనకు దక్కకుండా చేయబోయినదీ ఎండే.

జులైలో ఒక శనివారం ఏడుగురం ఒక సరస్సు ఒడ్డున, జనం ఈతకు దిగే ఇసుక తీరంలో వెతకడానికి వెళ్ళాం. పగటి ఎండ తప్పించుకోవాలని సాయంత్రం ఐదు గంటలకు మొదలుపెట్టాలని నిర్ణయించినది నేనే. గంట గడిచాక మాలో పెద్దవారైన ఒక సభ్యుడు పిలిస్తే పలకడం లేదని గమనించాను. డిటెక్టర్ చప్పుడు వినే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు కదా, వినపడి ఉండదనుకుని మరికొంతసేపు నా పని నేను చూసుకున్నాను. తరువాత దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అప్పటికే తవ్వి పూడ్చిన గుంతనే మళ్ళీ తవ్వుతున్నారు. ఆ గుంతలో తీసిన కూల్‌డ్రింక్ డబ్బా రింగు ఎడమ అరచేతిలోనే ఉంది. "సిగ్నల్ ఇంకా వస్తోంది, ఇంకా వస్తోంది" అంటున్నారు. డిటెక్టరేమో ఆయన వెనుక రెండు గజాల దూరంలో ఇసుక మీద పడి ఉంది. మాట ముద్దగా వస్తోంది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ అయ్యుండదు" అని మాలో ఒకరు అన్నారు. ఆ మాట మన ఇళ్ళలో చిన్నప్పటినుంచి విన్నదే. అయితే అన్నివేళలా అది నిజం కాదు. ఇంట్లో ఉక్కపోతకు తాళలేక వడదెబ్బ తగిలే వృద్ధులలో ఒళ్ళు పొడిబారడం ఎక్కువగా కనిపిస్తుంది కానీ, శ్రమ చేస్తూ దెబ్బతిన్న మనిషికి చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు. చూడవలసింది చెమటను కాదు, మనిషి స్పృహను. మాట తడబడినా, చేసిన పనే మళ్ళీ చేస్తున్నా, ఎక్కడున్నారో చెప్పలేకపోతున్నా ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉండవచ్చని భావించి వెంటనే 911కు ఫోన్ చేయాలి. ఆ రోజు ఫోన్ చేసి, ఆయనను చెట్టు నీడకు చేర్చి, ఐస్ పెట్టెలోని నీళ్ళన్నీ తల మీద, ఒంటి మీద పోసి, మిగిలిన ఐసుముక్కలను తువ్వాళ్ళలో చుట్టి మెడకు, చంకలకు ఆనించాం. అంబులెన్సు వచ్చేదాకా ఒకరు చొక్కాతో విసురుతూనే ఉన్నారు. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి ఆయన క్షేమంగా ఇంటికి చేరారు. ఈ సంగతి సభ్యులందరికీ తెలియాలని ఆయనే కోరారు కాబట్టి, పేరు మినహాయించి, జరిగినది జరిగినట్టు రాశాను.

ఆయన స్వస్థలం పల్నాడు. ఆ సాయంత్రం టోపీ ఇవ్వబోతే, "రెంటచింతల ఎండలు చూసినవాణ్ణి, ఇదొక లెక్కా" అని వద్దన్నారు. ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. మనలో రామగుండం నుంచి వచ్చినవారూ, విజయవాడ నుంచి వచ్చినవారూ, నేనూ ఏదో ఒక రోజు అన్న మాటే. ఎండకు ఓర్చుకునే శక్తి పుట్టిన ఊరు ఇచ్చే ఆస్తి అని మనం గట్టిగా నమ్ముతున్నాం. కానీ అది ముఖ్యంగా ఒంటికి అలవాటు వల్ల వస్తుంది. రోజూ కొంతసేపు ఎండలో పని చేస్తూ పోతే ఒకటి రెండు వారాల్లో చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం, గుండె మీద భారం తగ్గడం జరుగుతాయి. వారం రోజులు ఎండకు దూరమైతే ఆ అలవాటు సడలడం మొదలవుతుంది. ఐదు రోజులు ఏసీ గదిలో కూర్చుని శనివారం ఒక్కపూట ఎండలోకి వచ్చే మన ఒంటికి రెంటచింతల గుర్తుండదు. ఇక్కడి వృత్తి భద్రతా సంస్థ నియోష్, వేడిలో పనికి కొత్తగా చేరినవారిని మొదటి రోజు మామూలు పని సమయంలో 20 శాతానికి మించి ఎండలో ఉంచవద్దని, ఆ తరువాత రోజుకు 20 శాతానికి మించి పెంచవద్దని సూచిస్తుంది. జీతానికి పనిచేసేవారికే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, సరదాకు వచ్చే మనకు అంతకంటే తక్కువ జాగ్రత్త చాలుతుందని అనుకోవడానికి కారణమేమీ లేదు.

సమయం విషయంలోనూ మన ఊరి లెక్క ఇక్కడ పనికిరాదు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని, మృగశిర వచ్చిందంటే చల్లబడుతుందని మన పెద్దలు చెప్పినది నైరుతి రుతుపవనాల మీద ఆధారపడిన లెక్క. ఉత్తర టెక్సస్‌లో ఆ వానలు లేవు. ఎండలు ముదిరేది జులై, ఆగస్టు నెలల్లో. 1980లోనైతే జూన్‌లోనే, 26, 27 తేదీల్లో డాలస్, ఫోర్ట్‌వర్త్‌లో 113 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 45 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 2011లో 71 రోజులు 100 డిగ్రీలను అందుకున్నాయి లేదా దాటాయి. అతి వేడి మధ్యాహ్నం దాటాకే వస్తుంది, పైగా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతాం కాబట్టి, ఇక్కడ రోజులో అతి వేడి సమయం మధ్యాహ్నం పన్నెండు కాదు, సుమారు నాలుగు నుంచి ఆరు గంటల మధ్య. సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టిన నా నిర్ణయం సభ్యులను సరిగ్గా ఆ వేడిలోకే దింపింది. వేడినీ గాలిలో తేమనూ కలిపి వాతావరణ శాఖ ప్రకటించే హీట్ ఇండెక్స్ నీడలో లెక్కగట్టినదని, నేరుగా ఎండలో అది మరో 15 ఫారెన్‌హీట్ డిగ్రీల వరకు ఎక్కువ అనిపించవచ్చని కూడా అప్పటివరకు మనలో చాలామందికి తెలియదు.

అందుచేత ఆగస్టు నుంచి యాత్రలన్నీ తెల్లవారుజాముకు మారాయి. జూన్ చివర ఇక్కడ సుమారు ఆరూ ఇరవైకే సూర్యోదయమవుతుంది. పార్కు తెరిచే వేళకు చేరి తొమ్మిదింటికల్లా డిటెక్టర్లు కార్లలోకి చేరాలన్నది నియమం. ఒక్కరుగా వెతకడం మానేశాం. ఇద్దరిద్దరు జోడీగా ఉండి, ఇరవై నిమిషాలకొకసారి హెడ్‌ఫోన్లు తీసి ఒకరితో ఒకరు మాట్లాడి, ఒక గ్లాసెడు నీళ్ళు తాగాలి. దాహం వేసే వరకు ఆగకూడదు, అలాగని గంటకు సుమారు 1.4 లీటర్లకు మించి తాగనూ కూడదు. చెమటతో ఉప్పు పోతూ ఉంటే వట్టి నీళ్ళే తాగుతూ పోవడమూ ప్రమాదమే. దీనికి మన వంటింట్లోనే పరిష్కారం ఉంది. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి పలుచగా చిలికిన మజ్జిగను ఐస్ పెట్టెలో తెచ్చే బాధ్యతను వంతులవారీగా తీసుకున్నాం. పాలు పడనివారికి లీటరు నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపిన సీసా ఉంటుంది. రక్తపోటు, మధుమేహం ఉన్న సభ్యులు మాత్రం తమ వైద్యులను అడిగి తీసుకోవాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్న నమ్మకంతో వచ్చేవారిని కాదనలేదు కానీ, టోపీ లేకుండా వచ్చేవారిని మాత్రం వెనక్కి పంపించాం.

పరికరాలకు కూడా ఎండ దెబ్బ తగులుతుంది. మూసిన కారులో పది నిమిషాల్లోనే దాదాపు 20 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి పెరుగుతుంది. ఆ వేడిలో వదిలేసిన డిటెక్టర్ తెర నల్లబడటం, లిథియం బ్యాటరీ త్వరగా దెబ్బతినడం చూశాం. వేడెక్కిన బ్యాటరీని చల్లారేదాకా ఛార్జింగుకు పెట్టవద్దు. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ల బదులు ఒక చెవికే పెట్టుకునేవి వాడితే వేడి తగ్గుతుంది, పక్కవారి పిలుపూ వినిపిస్తుంది.

ఇక నేల సంగతి. డాలస్ చుట్టూ ఉన్నది నల్లమట్టి. గుంటూరు, కర్నూలు సీమల నల్లరేగడిలాగే ఇదీ వానకు ఉబ్బి, ఎండకు బిగుసుకుని, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే నేల. ఆగస్టులో ఈ నేలలో గడ్డిని చక్కగా కోసి పైకెత్తి తిరిగి పెట్టినా, వేళ్ళు తెగిన ఆ ముక్క వారంలో ఎండి పసుపుపచ్చని మచ్చగా మిగులుతుంది. అలాంటి నాలుగు మచ్చలు చాలు, ఆ పార్కు మనకు శాశ్వతంగా మూతపడటానికి. తడి నేలలో లోతుగా వినిపించే నాణెం పొడి నేలలో వినిపించకపోవడం మన సభ్యులందరి అనుభవమే. కాబట్టి జులై మొదటి తేదీ నుంచి సెప్టెంబరు మధ్య వరకు పచ్చికలో తవ్వకాలు ఆపాం. పిల్లల ఆటస్థలాల చెక్కపొట్టు, వాలీబాల్ ఇసుక, అనుమతి ఉన్న సరస్సు తీరాలు మాత్రమే మన వేసవి క్షేత్రాలు. రాష్ట్ర పార్కుల్లో అనుమతి పత్రం లేకుండా డిటెక్టర్ వాడకూడదు. ఆర్మీ ఇంజనీర్ల విభాగం కిందనున్న లూయిస్‌విల్, లవోన్ వంటి సరస్సుల వద్ద, నిర్దేశించిన తీరాల్లోనే, అదీ ఆ కార్యాలయం నిషేధించనప్పుడే వెతకాలి. వెళ్ళేముందు ఫోన్ చేసి అడగడం కార్యదర్శి బాధ్యతగా తీర్మానించాం.

ఆగస్టులో ఎండ తీవ్రత వల్ల ఒక యాత్ర రద్దు చేసి, ఆ ఉదయం ఒక సభ్యుని ఇంట్లో సమావేశమయ్యాం. అక్కడ విన్న ప్రసంగాన్ని ఇక్కడ నమోదు చేయకుండా ఉండలేకపోతున్నాను. 1881 జులై 2న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో మిగిలిన గుండును కనుగొనడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ విద్యుదయస్కాంత పరికరాన్ని తయారుచేసి తెచ్చారు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు, గుండు కుడిపక్కనే ఉందన్న వైద్యుని పట్టుదల ఆ ప్రయత్నాన్ని విఫలం చేశాయి. అదే గదిలో ఉక్కపోతను తగ్గించడానికి నౌకాదళ ఇంజనీర్లు, మంచునీటిలో తడిపిన బట్టల గుండా గాలిని తోలే యంత్రాన్ని అమర్చారు. మన డిటెక్టరుకు తాత, మన ఏసీకి తాత ఒకే వేసవిలో ఒకే మంచం పక్కన నిలబడ్డారన్న సంగతి విని అందరం కాసేపు మౌనంగా ఉండిపోయాం. గార్‌ఫీల్డ్ ఆ సెప్టెంబరు 19న కన్నుమూశారు.

పోయిన వస్తువులను వెతికి ఇచ్చే సేవను ఈ ఏడాదీ ఉచితంగానే కొనసాగించాం. బతుకమ్మ ఆడుతుండగా ఒక సోదరి చెవి బుట్టకమ్మ పార్కు పచ్చికలో పడిపోయింది. అది వాళ్ళ అమ్మమ్మది. మరునాడు తెల్లవారేసరికి నలుగురం చేరి, ఆట సాగిన చోటంతా పురికొసలతో చాళ్ళుగా విడదీసి, మనిషికొక చాలు చొప్పున వెతికాం. పల్చని బంగారం ఇచ్చే సిగ్నలూ, అన్నం పొట్లాల రేకు ఇచ్చే సిగ్నలూ దాదాపు ఒకటే, అందుకని ప్రతి రేకుముక్కనూ వంగి తీయక తప్పదు. ఎనిమిదిన్నరకు, వాడిన బంతిరెక్కల కింద, గడ్డి మొదట్లో ముత్యాల కుచ్చు కనిపించింది. శీల మాత్రం దొరకలేదు. ఆ సోదరి కమ్మను అరచేతిలో పెట్టుకుని ముందుగా ఇండియాలోని తల్లికి వీడియో కాల్ చేసి చూపించారు.

నాణేల విషయానికి వస్తే, 1964, అంతకు ముందునాటి వెండి డైములు (పది సెంట్ల నాణేలు) కొన్ని దొరికాయి. 1982 తరువాతి జింకు సెంట్లు ఎప్పటిలాగే పుచ్చిపోయిన స్థితిలో ఎక్కువగా వచ్చాయి.

సెలవులకు ఇండియా వెళ్తూ డిటెక్టర్ తీసుకువెళ్ళవచ్చా అని కొందరు అడిగారు. వద్దనే కార్యవర్గం సలహా. అక్కడ 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత కట్టడాల వద్ద తవ్వడం నేరం. గుప్తనిధుల కోసం పాత గుళ్ళను పాడుచేస్తున్నవారి మీద ఊళ్ళు కోపంగా ఉన్న ఈ రోజుల్లో, చేతిలో డిటెక్టర్ ఉన్న కొత్తమనిషి చెప్పే వివరణ ఎవరూ వినరు.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు. మిగులు సొమ్ముతో రెండు పెద్ద గొడుగులు, ఒక ఐస్ పెట్టె, ఒక ప్రథమ చికిత్స సంచి కొనడానికి సర్వసభ్య సమావేశం ఆమోదం కోరుతున్నాం. కొత్త ఏడాదిలో వేసవి యాత్రలు మే నెలలోనే అరగంట వ్యవధితో మొదలై, వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతాయి. జులైలో దెబ్బతిన్న మన పెద్దాయన, వైద్యుల అనుమతితో, మొదటి యాత్రకు వస్తానని కబురు పంపారు. ఆయనకు జోడీగా నేనుంటాను. ఆ రోజు మజ్జిగ తెచ్చే వంతు కూడా నాదే.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి