చర్కం కాదు, చక్రం

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరానికి జవాబు బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మేమంతా బాగానే ఉన్నాం, పరీక్ష ఫీజు కట్టేశాను, చెల్లి నిన్ను అడిగానని చెప్పమంది. కబుర్లు అంతే. అసలు సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకున్నా రాసింది చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లలకు చదవడం ఎలా నేర్పుతారన్నదే నా ప్రాజెక్టు అన్నాను కదా. పుస్తకాలతో పాటు ఒక టీచరమ్మ పాఠాలు కూడా కూర్చుని చూస్తున్నాను. ఆవిడ దగ్గరికి మూడో తరగతి కుర్రాడొకడు వస్తాడు. బుజ్జిగాడు అనుకుందాం. నోటితో ఏది అడిగినా గడగడా చెప్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం మాటమాటకీ ఆగిపోతాడు. మొన్న 'చక్రం' దగ్గరికొచ్చి 'చర్కం' అన్నాడు. మళ్లీ చదవమంటే మళ్లీ అదే. 'పత్రం' కాస్తా 'పర్తం' అయింది.

'సరిగ్గా చూసి చదవరా' అంటారు ఎవరైనా. వాడు సరిగ్గానే చూస్తున్నాడు రవీ! ఒకసారి చేత్తో 'క్ర' రాసి చూడు. క్రావడి ఎడమవైపు నుంచి కిందికి చుట్టుకుంటుందా లేదా? ఎడమ నుంచి వచ్చే కంటికి ముందు తగిలేది అదే. పలకాల్సిందేమో క తర్వాత. ఇన్నేళ్లూ రాస్తున్నా ఈ సంగతి నా కంట పడలేదు!

టీచరమ్మ పుస్తకం మూసేసింది. కాగితం మీద వరసగా గళ్లు గీసి, వాడి చేతిలో కొన్ని బొత్తాలు పెట్టి, "క్రం అను. ఎన్ని శబ్దాలు వినబడితే అన్ని బొత్తాలు గళ్లలోకి జరుపు" అంది. వాడు ఒక్కటే జరిపాడు. "సాగదీసి అను." "క్... ర్... అం..." అంటూ ఆగి, కళ్లు ఇంతింత చేసుకుని, ఇంకో బొత్తం జరిపాడు, ఆ పైన ఇంకోటి. మన రాతలో హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరంగా కూర్చుంటాయి కదా, లోపల ఏమేం ఉన్నాయో విడదీసి వినమని వాణ్ణి అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

బొత్తాలయ్యాక అక్షరాలు. క రాస్తూ "క్" అనాలి, క్రావడి చుడుతూ "ర్" అనాలి. ఆ తర్వాత అర్థం లేని మాటలిచ్చింది, 'డక్రం', 'లిత్రు' లాంటివి. ఊహించి గట్టెక్కడానికి లేదన్నమాట. వాడు 'లిత్రు' చదివేసి, ఎవరూ అడక్కుండానే, "టీచర్, కింద చుట్టుకున్నోడు వెనకాల పలుకుతాడు!" అన్నాడు. సూత్రం వాడే కనిపెట్టుకున్నాడురా! నాకు ఎంత సంతోషమేసిందో!

ఆ గళ్ల పద్ధతి సోవియట్ మనస్తత్వవేత్త డానియిల్ ఎల్కోనిన్‌ది. రాస్తూ పలకడం అమెరికా డాక్టరు శామ్యూల్ ఆర్టన్, టీచరు అన్నా గిల్లింగ్‌హామ్‌ల దారి, 1930ల నాటిది. ఈ ఇబ్బందికి ఆర్టన్ మెదడులో చూపిన కారణం తర్వాత నిలబడలేదు, కానీ తేలిక నుంచి కష్టానికి వరసగా, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి అన్న బోధన మాత్రం నిలబడింది. పలుకుతూ చేత్తో రాయించడం వల్ల మేలెంత, వరసగా విడమరచడం వల్ల ఎంత అన్నది ఇంకా తేలలేదు. నా ఓటు రెండోదానికే. బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇంగ్లండు పరిశోధకులు 1983లో చూపించిందీ గుర్తుపెట్టుకో: శబ్దాలను చెవితో మాత్రమే నేర్చుకున్న పిల్లల కన్నా, అక్షరాలతో కలిపి నేర్చుకున్నవాళ్లు చదవడంలో ముందుకెళ్లారు. బొత్తాల దగ్గరే ఆగిపోకూడదన్నమాట.

ఇప్పుడు అసలైంది విను. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు పద్నాలుగేళ్ల పెర్సీ అనే అబ్బాయి గురించి రాశాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే తెలివైనవాడు అన్నాడట వాళ్ల మాస్టారు. ఆ పిల్లాడు తన పేరే 'ప్రెసీ' అని రాసి, తప్పని ఒకటికి రెండుసార్లు చెప్పేదాకా గమనించలేదు. ర జరిగిపోయింది, చూశావా! అచ్చం మనవాడి లాగే. మరి పెర్సీకి క్రావడి లేదు కదా? అంటే గొడవంతా కంటిది కాదు, శబ్దాల వరస చెవిలోనే... దీని మీద ఇంకా ఆలోచిస్తున్నాను, నీకేమైనా తోస్తే రాయి.

ఒక్కటి మాత్రం బాధేస్తుంది. బుజ్జిగాడికి చదువు రావడానికని ఇంట్లోవాళ్లు రంగు కాగితాలు కొన్నారు, పేజీ మీద పరిచి చదవమనేవాళ్లు. వాటితో చదువు బాగుపడుతుందనడానికి గట్టి ఆధారమే లేదు. డబ్బు పోతే పోయింది, వాడి రెండో తరగతి అంతా అలాగే గడిచిపోయింది. తెలుగు రాసినట్టే పలుకుతాం కాబట్టి ఈ ఇబ్బందే ఉండదనేవాళ్లు ఇంకోవైపు. ఇలాంటి భాషల్లో తప్పుల కన్నా నిదానంలోనే అది ఎక్కువ బయటపడుతుంది. పిల్లాడు నెమ్మదిగా చదివితే బద్ధకం అనేస్తారు! ఎంత అన్యాయమో...

అదిగో, బుజ్జిగాడు వచ్చేశాడు, టీచరమ్మ పిలుస్తోంది. ఇవాళ 'రాష్ట్రం' అట, ష కింద ట, ఆపైన క్రావడి! ఏమైందో రేపు రాస్తా.

నీ
వాసు