బుజ్జమ్మకు, గుంటూరు నుంచి

చిట్టితల్లీ,

కొత్తపేట బాబాయి రేపు పొద్దున్నే పనిమీద బెజవాడ వస్తున్నాడు, సంచితో పాటు ఈ కాగితాలు కూడా ఇచ్చి పంపుతున్నా. సంచిలో సున్నుండలు, కంది కారం, నెయ్యి సీసా, తలనొప్పి బామ్ ఉన్నాయి. నెయ్యి సీసా నిలబెట్టే ఉంచు, మూత కాస్త వదులు. ఇక్కడ అందరం బాగున్నాం. నాయనమ్మ మోకాలు ఫర్వాలేదు. జామచెట్టు ఈసారి బాగా కాసింది, కోతులు మిగిలిస్తే నీకు నాలుగు దాస్తా.

రెండు ఆదివారాలుగా నీ ఫోన్ రాలేదు. అక్కడ ఫోన్ దగ్గర లైను పెద్దగా ఉండుంటుంది, నాకు తెలుసు. మేమేం కంగారు పడట్లేదు.

అసలు రాయాలనుకున్నది వేరే. పోయినసారి వచ్చినప్పుడు నీ వీకెండ్ టెస్ట్ పేపరు టీవీ పక్కన మర్చిపోయి వెళ్ళావు. చూడకూడదు అనుకుంటూనే చూశా. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేశాక ఆల్కహాల్స్ ప్రశ్న కనపడితే చదవకుండా ఎలా ఉంటాను?

ఐసోబ్యూటైల్ ఆల్కహాల్‌ని టెర్షియరీ అని పెట్టావు. మా కాలేజీలో ఏటా బోలెడుమంది చేసే తప్పే ఇది. బొమ్మలో మూడు కొమ్మలున్న కార్బన్ కనపడగానే పెన్ను అటే పోతుంది. కొమ్మలు ఎక్కడున్నాయో చూడకు తల్లీ, ఓహెచ్, అదే ఆక్సిజన్-హైడ్రోజన్ జంట, ఏ కార్బన్‌ని పట్టుకుని ఉందో దానిమీద వేలు పెట్టు, ఆ కార్బన్‌కి ఇంకెన్ని కార్బన్లు తగులుకుని ఉన్నాయో లెక్కపెట్టు. ఒకటైతే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ. ఐసోబ్యూటైల్‌లో ఓహెచ్ ఉన్నది చివరి కార్బన్ మీద, దాని పక్కన ఉన్నది ఒక్కటే, కాబట్టి ప్రైమరీ. ఫీనాల్‌లో ఓహెచ్ నేరుగా బెంజీన్ రింగు మీదే కూర్చుంటుంది కనక దాన్ని ఆల్కహాల్స్‌లో కలపరు. బెంజైల్ ఆల్కహాల్‌లో మాత్రం రింగుకీ ఓహెచ్‌కీ మధ్య ఇంకో కార్బన్ ఉంది, అది ఆల్కహాలే, అదీ ప్రైమరీ. ఇవన్నీ నీకు తెలుసు. తెలియక పోయిన మార్కులు కావవి, నిద్రమత్తులో పోయినవి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు?

రెండో తప్పు దగ్గర మాత్రం నాకు నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలనిపించింది. నాలుగు కార్బన్ల ఆల్కహాల్స్ మరిగే వరస సరిగ్గానే రాశావు. మామూలు బ్యూటనాల్ 118 డిగ్రీలు, ఐసోబ్యూటైల్ 108, సెకండరీది వందకి కాస్త లోపు, టెర్షియరీది 82. కొమ్మలేసి గుండ్రంగా ముడుచుకునే కొద్దీ పక్క అణువుని ఆనుకునే చోటు తగ్గుతుంది, తక్కువ వేడికే విడిపోతాయి. గడ్డకట్టడం కూడా ఇదే వరసలో ఉంటుందని రాసేశావు. అక్కడ తిరగబడుతుందమ్మా. మామూలు బ్యూటనాల్ గడ్డకట్టాలంటే సున్నాకి దాదాపు 90 డిగ్రీలు కిందకి పోవాలి. టెర్షియరీ బ్యూటనాల్ 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, గుండ్రటి అణువులు ఒకదాని పక్కన ఒకటి చక్కగా పేరుకుంటాయి కనక. ఇది పుస్తకంలో చూసి చెప్పేది కాదు, ఈ చేత్తో పట్టుకున్నా.

నువ్వింకా పుట్టలేదు. సంక్రాంతి సెలవులకి ముందు, చలి బాగా ఉన్న రోజులు. డిగ్రీ రెండో ఏడు పిల్లలకి లూకాస్ పరీక్ష చేయించేవాళ్ళం. జింక్ క్లోరైడూ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ కలిపిన ద్రావణంలో ఆల్కహాల్ పోస్తే, టెర్షియరీ అయితే వెంటనే పాలు కలిపినట్టు తెల్లబడుతుంది, సెకండరీకి ఐదు నిమిషాలు పడుతుంది, ప్రైమరీ వేడి చేయకపోతే అలాగే ఉంటుంది. ఒకమ్మాయి, పల్లెటూరి నుంచి రోజూ బస్సులో వచ్చేది, ముందురోజు సాయంత్రం సీసాలు సర్దింది తనే. పొద్దున వచ్చి టెర్షియరీ సీసా వంచితే చుక్క రాలేదు. లోపల అంతా గాజులా గడ్డ. రాత్రి మూత సరిగ్గా పెట్టలేదేమో, తనవల్లే పాడైపోయిందేమో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. సీసాని వెనక అరలో దాచేసి వెళ్ళిపోయింది, మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వాళ్ళ స్నేహితురాలు నా దగ్గరకొచ్చి, ఖరీదెంతో చెప్పండి సార్, దానికి భయపడి రావట్లేదు అంది. నేను అర వెతికి సీసా తీశా. టీ కోసం పెట్టిన వేణ్ణీళ్ళు ఉంటే గిన్నెలో పోసి అందులో నిలబెట్టా. అంచుల దగ్గర ముందు కరిగింది, గడ్డ అడుక్కి దిగింది, కాసేపటికి మొత్తం తేటగా అయిపోయింది. ఆ పిల్లకి కబురు పంపితే తర్వాతి రోజు తొమ్మిదికల్లా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అదే సీసాలోంచి తన చేతే పోయించా, పోయగానే తెల్లబడింది. నేను దాన్ని ఏమీ అనలేదు. ఆ మూడు రోజులూ అన్నం తిన్నదో లేదో అనే నా బాధంతా.

బ్రాడీపేట అత్తయ్య మొన్న వచ్చింది. వాళ్ళమ్మాయి చెప్పిందట, నువ్వు మెస్‌కి సరిగా రావట్లేదని, రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నావని. నేను నమ్మలేదు. నమ్మలేదు కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ అమ్మకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

బామ్ రాసుకుంటే చల్లగా ఉంటుందే, అందులో ఉండే మెంథాల్ కూడా ఆల్కహాలే, సెకండరీ. పెదాలకి రాసే గ్లిజరిన్‌లో మూడు ఓహెచ్‌లు, అందుకే అంత చిక్కగా ఉంటుంది. బామ్ కళ్ళ దగ్గరకి పోనీకు. రోజూ రాసుకోవాల్సి వస్తుంటే అది నిద్ర లేకే. పదకొండుకి లైట్ ఆర్పేయ్. పెరుగన్నం మానకు. ఖాళీ కడుపుతో టెస్ట్‌కి వెళ్ళకు. నాకు తెలుసు, మళ్ళీ క్లాసు మొదలుపెట్టాను.

పోయిన వారం మార్కుల మెసేజ్ నా ఫోన్‌కే వచ్చింది. చూశాను. ఆ మాట నువ్వు ఎత్తితేనే ఎత్తుతా. ఈ లాంగ్ టర్మ్ కోచింగ్ వద్దనిపిస్తే అదీ చెప్పు, మా దగ్గర ఖరీదు లెక్కలేం లేవు.

ఈ ఆదివారం ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. పదిన్నరదాకా రాకపోతే పదకొండు బస్సుకి బయల్దేరతా, గేటు దగ్గర అడిగితే పంపిస్తారు కదా? నెయ్యి సంగతి గుర్తుంచుకో, చలికి పేరుకుంటే వేణ్ణీళ్ళలో పెట్టు.

నాన్న