2024-25 వార్షిక నివేదిక: షీట్‌లో ‘చేరింది’ అని ఉంది, ఇంటికి మాత్రం చేరలేదు

సభ్యులందరికీ నమస్కారం. ముగ్గుల పోటీ, వీధి దీపాల సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చాయి, మన కాలనీ మెరక మీద ఉండబట్టి బతికిపోయింది, కాబట్టి ఈ ఏడాది సంఘం చేసిన పెద్ద పనల్లా సాయం పంపడమే.

నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు అంతా గందరగోళమే. “ఫలానా సందులో ముసలివాళ్లు చిక్కుకున్నారు, పాలు పంపండి” అన్న వాట్సాప్ మెసేజ్ పట్టుకుని ట్రాక్టర్ పంపితే, వాళ్లను ముందు రోజే పడవలో తీసుకెళ్లిపోయారు, ఆ మెసేజ్ మాత్రం మర్నాడు కూడా తిరుగుతూనే ఉంది. ఫ్లైఓవర్ దగ్గరి ఇళ్లకు పులిహోర పొట్లాలు మూడుసార్లు అందితే లోపలి సందులకు ఒక్కసారీ అందలేదు.

మూడో రోజు ఫార్వర్డ్‌లు పక్కన పెట్టి గూగుల్ షీట్ తెరిచాం. ఫోన్ నంబరు, లొకేషన్, ఇంట్లో ఎంతమంది, ఏం కావాలి. మనవాళ్లు ఫోన్ చేసి కనుక్కున్నాకే సరుకు బండెక్కేది. డబుల్ పంపకాలు చాలావరకు ఆగాయి. ఉక్రెయిన్‌లో ఒకే కుటుంబానికి రెండు సంస్థలు ఒకే సాయం ఇవ్వకుండా ప్రపంచ ఆహార కార్యక్రమం బ్లాక్‌చెయిన్ (సంస్థలన్నీ కలిసి చూసుకునే ఉమ్మడి డిజిటల్ చిట్టా) వాడింది. మనకు అంత స్తోమత లేదు గానీ తలనొప్పి అదే.

అయినా దెబ్బ తిన్నాం. ఒకావిడకు పంపిన ఇన్సులిన్ షీట్‌లో ‘చేరింది’ అని పచ్చగా ఉంది, సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి “బాబూ, మందు ఇంకా రాలేదు” అంది. మనవాళ్లు నడుం లోతు నీళ్లు చూసి సందు మొదట్లోనే దించేశారట, అది ముందింటివాళ్ల కరెంటు లేని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి అందుకున్నవాళ్లు ఫోన్‌లో ఊ అంటేనే గడి పచ్చ.

ఇంకోటి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన ఇళ్లు షీట్‌లో అసలు కనపడవు. ఎవరూ అడగలేదు కాబట్టి అక్కడ అవసరం లేదనుకున్నాం, అది మా తప్పే. తర్వాత పాల ప్యాకెట్లతో పాటు పవర్ బ్యాంకులు, అవసరాలు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్కూ పడవెక్కించాం. ప్రభుత్వం డ్రోన్లతో ఆహారం, మందులు పంపింది, ఆ డ్రోన్‌కైనా ఏ మేడ మీద ఎవరున్నారో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

షీట్ లింకు మొదట్లో అందరికీ తెరిచి ఉంచడం కూడా పొరపాటే, జనం ఫోన్ నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. పని అయ్యాక తీసేశాం.

వచ్చే వానాకాలం లోపు ఇన్సులిన్, ఆక్సిజన్ వాడేవాళ్లు ఉన్న ఇళ్ల వివరాలు బ్లాకు బాధ్యులు కాగితం మీద కూడా రాసివ్వండి.

ముగ్గుల పోటీ బాగా జరిగింది. వీధి దీపాలకు అర్జీ పెట్టాం, ఇంకా వెలగలేదు.