రికార్డు చెరిపిస్తానన్న మాట నమ్మవద్దు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి శ్రీకర్‌కు, మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యానన్న సంతోషం నిన్న ఫోనులో నీ గొంతులో లేదు. కాలేజీ రోజుల నాటి కొట్లాట కేసు అడ్డం వస్తుందేమోనన్న బెంగే వినిపించింది. విజయవాడలో ఎవరో మధ్యవర్తి డబ్బు తీసుకుని పోలీసు రికార్డులో నీ పేరే లేకుండా చేయిస్తానన్నాడని చెప్పావు. అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పాత కేసుల రికార్డును కోర్టు ఉత్తర్వుతో చెరిపించుకునే చట్టాలున్నాయి గాని, మన దేశంలో పెద్దవారికి అటువంటి సాధారణ చట్టం లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మాత్రం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోని 24వ సెక్షను ఆ మేలు చేసింది. నీకు అప్పటికే ఇరవై ఏళ్లు. నేలపాడులోని హైకోర్టులో ఎఫ్ఐఆర్ కొట్టివేయించుకోవడం అనేది నడుస్తున్న కేసులకు పనికొచ్చే దారి, నీ కేసు ఎప్పుడో ముగిసింది.

అది ఎలా ముగిసిందో నీవు మరిచిపోయినట్టున్నావు. కొట్టడం, దారి అడ్డగించడం అనే నేరాలకు ఐపీసీ 323, 341 సెక్షన్ల కింద పెట్టిన ఆ కేసులో దెబ్బ తిన్న అబ్బాయే లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకున్నాడు. చట్టం అనుమతించిన నేరాల్లో కుదిరిన రాజీకి నిర్దోషిగా విడుదలైనంత ఫలితం ఉంటుందని అప్పటి నేర విచారణ చట్టమైన సీఆర్పీసీలోని 320వ సెక్షనే చెప్పింది. నీవు శిక్ష పడినవాడివి కావు నాయనా. ఇన్నేళ్లుగా శిక్ష పడినవాడిలాగే నలుగురిలో తల దించుకుని తిరుగుతున్నావు, అది చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది.

ఇక ఉద్యోగంలో చేర్చుకునే ముందు నీ గురించిన వివరాలు నింపమని ఇచ్చే అటెస్టేషన్ ఫారం సంగతి. ఎప్పుడైనా అరెస్టయ్యావా, నీ మీద కేసు నడిచిందా అని అందులో విడివిడిగా అడుగుతారు. శిక్ష పడలేదు కదా అని అన్నింటికీ 'లేదు' అని రాయకు. ఉద్యోగార్థులు పాత కేసులు దాచడం గురించిన అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పు ప్రకారం అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, ఏదీ దాచకూడదు. నిజం చెప్పినా, కేసు కొట్టుడుపోయినా, పూర్వాపరాలు చూసి నిర్ణయించే హక్కు ఉద్యోగం ఇచ్చేవారికి ఉంటుందని కూడా అదే తీర్పులో ఉంది, కాబట్టి తప్పకుండా ఉద్యోగం వస్తుందని నేను నీకు మాట ఇవ్వలేను. కానీ చిన్న వయసులో జరిగిన చిన్న గొడవను చెప్పుకోవడం వేరు, దాచి దొరికిపోవడం వేరు. దాచావంటే కేసు కన్నా ఆ దాచడమే పెద్ద తప్పవుతుంది, ఉద్యోగంలో చేరిన తరువాత బయటపడినా తీసివేయవచ్చు.

లోక్ అదాలత్ అవార్డుకు, అంటే ఆ రాజీ తీర్పుకు, సర్టిఫైడ్ కాపీ కావాలని మన వకీలు గారి చేత దరఖాస్తు పెట్టించాను. జిరాక్సు చాలదు; కోర్టు ముద్ర, దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఉన్న అసలు నకలే పనికొస్తుంది. కేసు ముగిసినా స్టేషను రికార్డులో ఆ సంగతి ఎక్కకుండా ఉండిపోవడం జరుగుతూనే ఉంటుంది. విచారణకు వచ్చే కానిస్టేబుల్ చూసేది ఆ రికార్డునే. అందువల్ల కాపీ చేతికి రాగానే, కేసు పెట్టిన స్టేషనుకు ఒక అర్జీతో పాటు ఇచ్చి, ముగిసినట్టు నమోదు చేయమని అడిగి, అందినట్టు ముద్ర వేయించుకుంటాను. మధ్యవర్తి చేయిస్తానన్న దానిలో న్యాయంగా జరిగే పని ఇదొక్కటే, దీనికి ఎవరికీ లంచం ఇవ్వనక్కరలేదు.

ఫారంలో కేసు నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు, రాజీ అయిన తేదీ ఉన్నదున్నట్టు రాయి. స్థలం చాలకపోతే వేరే కాగితం జత చేసి దాని మీద కూడా సంతకం పెట్టు. పంపించే ముందు ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపితే వకీలు గారికి చూపిస్తాను.

ఇట్లు
మీ నాన్న