మైపాడుకు రిసార్టు కన్నా ముందు కావలసినవి

సంపాదకుడు గారికి నమస్కారం.

మైపాడు బీచ్‌లో మంచి రిసార్టులు రావాలని మన నెల్లూరులో చాలామంది అంటుంటారు. వద్దని నేను అనను. కానీ మొన్న వేసవిలో అండమాన్ వెళ్లొచ్చాక, అంతకన్నా ముందు జరగాల్సిన పని వేరే ఉందని నాకు గట్టిగా అనిపించింది.

చెన్నైలో విమానం ఎక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. అక్కడి నుంచి ఓడలో స్వరాజ్ ద్వీపం వెళ్లాం. రాధానగర్ బీచ్‌లో ఇసుక పిండి ఆరబోసినట్టు తెల్లగా ఉంది. మేం దిగిన రిసార్టు తీరానికి దూరంగా, చెట్ల వెనక ఉంది. ఒడ్డున బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి, చెత్తబుట్టలు ఉన్నాయి, ఎవరైనా లోతుకు పోతే ఈల వేసే లైఫ్‌గార్డులు ఉన్నారు. ఇసుక మీద ఎక్కడా బండి చక్రాల జాడ లేదు. మా అమ్మకు డెబ్బై ఏళ్లు. చీకటి పడేదాకా అక్కడి నుంచి లేవనంది.

ఆ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది మన విశాఖలోని రుషికొండ బీచ్‌కూ వచ్చింది. నిర్వహణ సరిగ్గా లేదని 2025లో రుషికొండ జెండాను కొన్నాళ్లు దించేసి, తర్వాత మళ్లీ ఇచ్చారు. ఇసుక తెల్లగా ఉందని ఇచ్చే జెండా కాదది. నీళ్లు శుభ్రంగా ఉన్నాయా, జనానికి భద్రత ఉందా, మరుగుదొడ్లు పనిచేస్తున్నాయా అని చూసి ఇస్తారు.

అక్కడి ఇసుక పగడపు దిబ్బలు అరిగి వచ్చింది. మన ఇసుక పెన్నమ్మ మోసుకొచ్చింది, రంగు కొంచెం ముదురు, అంతే. ఊరికి పాతిక కిలోమీటర్లలో సముద్రం మీద పొద్దు పొడవడం చూడగల అదృష్టం మనది.

అలాంటి చోట పోయిన కార్తీక పౌర్ణమికి మా అమ్మ సముద్ర స్నానం చేసి, తడి చీర మార్చుకోవడానికి చోటు లేక వణుకుతూ నిలబడింది. మేం నలుగురం ఆడవాళ్లం చీరలు అడ్డం పట్టుకున్నాం. మా అక్క మనవరాలి కాల్లో బీరు సీసా పెంకు దిగింది. పక్కనే కుర్రవాళ్లు ఇసుకలో కారు గిరగిరా తిప్పుతున్నారు. చలికాలం నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వందకు అటూ ఇటూ ఉంటాయి. పైన చక్రం పోతే ఆ గుంతలో ఏం మిగులుతుంది?

అన్నిటికన్నా నాకు టెన్షన్ పుట్టించేది అలలు. మోకాలి లోతులో ఆడుకునే పిల్లకాయలను కూడా వెనక్కి లాగేస్తాయి. ఏ రోజు సముద్రం ఎలా ఉందో మన మత్స్యకారుల కుర్రాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వాళ్లకే శిక్షణ, జీతం ఇచ్చి ఆదివారాలు, పండగ రోజులు ఒడ్డున పెట్టండి. ఆడవాళ్లకు గదులు, మంచినీళ్ల షవర్లు కట్టించి, కట్టాక తాళం వేయకుండా ఊడ్చే మనిషిని కూడా పెట్టండి. బండ్లను ఇసుక మొదట్లోనే ఆపేయండి, గాజు సీసాలను తీరానికి రానివ్వకండి. జిల్లా అధికారులు వచ్చే కార్తీక మాసానికి ముందే ఈ పనులు పూర్తి చేయించాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

- ఒక పాఠకురాలు, నెల్లూరు